మీసాలాయన మధ్యాహ్నాలు

బస్టాండుకి ఎదురుగా, మందుల షాపుకీ సైకిళ్ల రిపేరు కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆయన సెలూను. రెండు కుర్చీలు, ఒక పొడుగు అద్దం, ఎదురుచూసేవాళ్లకి ఒక బల్ల. బోర్డు మీద ఏదో పేరు ఉండేది గానీ ఎండకీ వానకీ ఎప్పుడో వెలిసిపోయింది. దాంతో ఎవరికీ పనీ పడలేదు. "మీసాలాయన దగ్గరికి" అంటే చాలు, సగం ఊరు దారి చెప్పేది.

అలాంటిలాంటి మీసం కాదది. బుగ్గల దాకా పాకి, కొసలు పైకి తిరిగి, రోజూ పొద్దున్నే వాసన మైనం పట్టించి నిలబెట్టిన మీసం. ఆ మీసంతో ఆయన చేసే ఘనకార్యం ఒకటుంది. చిన్నపిల్లల్ని కటింగుకి తీసుకొస్తే కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి కూర్చోబెట్టేవాడు. పిల్లాడు రాగం అందుకోబోయేలోపు మీసం ఎడమ కొస ఒక్కటే పైకి లేచేది. తర్వాత కుడి కొస. పిల్లాడు నోరు తెరుచుకుని చూస్తూ ఉండగానే సగం తల అయిపోయేది. మూడు వీధుల అవతల నుంచి కూడా తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవారు. కటింగయ్యాక మెడ మీద వెంట్రుకలు దులిపి, పిల్లాణ్ణి ఎత్తి తల్లి చేతికి ఇచ్చేటప్పుడు ఆయన ఒక్క క్షణం ఆలస్యం చేసేవాడు. ఆ క్షణం సంగతి ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. బహుశా ఆయన భార్యకి తెలుసు.

ఆవిడది బస్టాండులోనే ఉద్యోగం. విచారణ కిటికీ వెనక కూర్చుని మైకులో బస్సులు చెబుతుంది. గొంతు ఊరందరికీ తెలుసు, మొహం తెలిసినవాళ్లు తక్కువ. ఎవరి గడ్డం మీదో కత్తి ఆడుతుండగా ఆవిడ గొంతు లౌడుస్పీకర్లోంచి వస్తే, "మా ఆవిడ ఇవాళ జలుబు చేసి మాట్లాడుతోంది" అని కనిపెట్టేసేవాడు మీసాలాయన. పెళ్లయి పదకొండేళ్లు. పిల్లల్లేరు. ఆస్పత్రులన్నీ తిరిగారు, తిరగడం మానేశారు, ఆ మాట ఇంట్లో ఎత్తడం కూడా మానేశారు. ఇక ఆశ వదులుకున్నాక, ఆయనకి నలభై రెండో ఏట ఆడపిల్ల పుట్టింది.

ఎప్పుడూ నోరు తెరుచుకుని ఉండేదని దాన్ని పిట్ట అన్నారు. తండ్రి మురిపెం అంతా ఇంతా కాదు. ఆవిడ కాన్పు సెలవు పెట్టి ఇంట్లోనే ఉండేది. ఇల్లు కొట్టుకి రెండు వీధుల దూరం. రోజూ పన్నెండు కాగానే కుర్చీలో మనిషి ఉన్నా సరే, "అరగంటలో వస్తా, కదలకండి" అని సబ్బు నురగతోనే వదిలేసి ఇంటికి పరుగెత్తేవాడు. వెళ్లి పిట్టని గుండెల మీద బోర్లా పడుకోబెట్టుకునేవాడు. మీసంతో దాని పొట్ట మీద గిలిగింతలు పెట్టేవాడు. దాని నడినెత్తి వాసన పీల్చుకుని మళ్లీ కొట్టుకి వచ్చేవాడు. మూడు నెలలు అలా గడిచాయి. తర్వాత చాలాకాలం ఆయన ఆ మూడు నెలల్నే తలుచుకుంటూ బతికాడు.

నాలుగో నెలలో బుగ్గలు ఎర్రబడ్డాయి. ముద్దుగా ఉందనుకున్నారు ముందు. వారం తిరిగేసరికి ఆ ఎరుపు గరుకు కాగితంలా తయారైంది. మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ కింద కూడా వచ్చింది. గోక్కోవడం ఇంకా చేతకాని పిల్ల. పాపం, బుగ్గల్ని దుప్పటికేసి రుద్దుకునేది, తల్లి భుజానికేసి రుద్దుకునేది. పొద్దున లేచి చూస్తే దుప్పటి మీద చిన్న చిన్న నెత్తుటి చుక్కలు. సరిగ్గా నిద్రపోయేది కాదు, పోనిచ్చేదీ కాదు.

పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. బయట యాభై మంది వరుసలో ఉన్నారు. డాక్టరు చూసి, "దీన్ని ఎగ్జిమా అంటారు. అంటుకునే జబ్బు కాదు. మీరేదో తప్పు చేస్తే వచ్చింది కాదు. కొంతమంది పిల్లల చర్మం పుట్టుకతోనే తడి నిలుపుకోలేదు" అని, ఒంటికంతా రోజూ రాయడానికి ఒక డబ్బా ఆయింట్‌మెంటూ, ఎర్రగా మంటెత్తిన చోట మాత్రం రాయడానికి ఒక ట్యూబు క్రీమూ రాసిచ్చాడు. ఎలా రాయాలో, ఎన్నాళ్లు రాయాలో గబగబా చెప్పాడు. పిట్ట ఏడుపులో సగం వినబడింది, సగం వినబడలేదు. రెండోసారి అడిగేలోపు తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేశాడు.

సెలూనంటే తెలిసిందే కదా, అక్కడ మాటకి తలుపుల్లేవు. పిల్లకి బాలేదన్న కబురు ఒక్క రోజులో బల్ల మీద కూర్చున్న అందరికీ చేరింది. అక్కణ్ణుంచి వైద్యాలు మొదలు. ఒకాయన నెల్లాళ్లు నీళ్లు తగలనివ్వద్దన్నాడు. ఇంకొకాయన రోజుకి నాలుగుసార్లు స్నానం చేయించమన్నాడు. తల్లి తిండి మార్చమన్నారు, పాలు మార్చమన్నారు, ఇల్లే మార్చమన్నవాడు కూడా ఉన్నాడు. ఒక కుర్రాడు కుర్చీలో వెనక్కి వాలి, "గజ్జేమో బాబాయ్" అన్నాడు. గొంతు మీద కత్తి ఉన్నప్పుడు అనాల్సిన మాట కాదది. మీసాలాయన చెయ్యి ఆగిపోయింది. "కాదు" అన్నాడు ఆయన, అంతే. మిగతా గడ్డం గీసి పంపించాడు గానీ ఆ కుర్రాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

రోజూ పదింటికి పేపరు చదవడానికి వచ్చే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. రిటైరైన హెడ్డుగుమాస్తా. ఊళ్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా తన దగ్గర మందు ఉందనుకునే రకం, కానీ మనిషి మంచివాడు. ఒకరోజు కాగితంలో చుట్టిన సీసా తెచ్చాడు. మూత తీస్తే కొట్టంతా గుప్పుమంది. ఆకుపచ్చ నూనె.

"మా మనవడికి ఇలాగే వస్తే ఇదే రాశాం. రెండు వారాలు, అంతే. పట్టు గుడ్డలా అయిపోయింది ఒళ్లు" అన్నాడాయన.

"డాక్టరు వేరే ఇచ్చారండీ..."

"వాళ్లు ఇస్తారోయ్. ఇవ్వకపోతే వాళ్లకెలా గడుస్తుంది? నువ్వు ముందు ఇది రాసి చూడు."

మీసాలాయనకి నమ్మకం కుదిరిందని కాదు. నెల్లాళ్లుగా పిల్ల ఏడుపు వింటున్నాడు, చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయాడు. భార్యకి చెప్తే వద్దంటుందని చెప్పలేదు. మూడు రోజుల పాటు మధ్యాహ్నం ఇంటికి వెళ్లినప్పుడు, ఆవిడ మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్లగానే, అరచేతిలో నూనె పోసుకుని పిట్ట ఒంటి నిండా పట్టించాడు. మొదటిరోజు పిల్ల ఘుమఘుమలాడుతూ గంటసేపు నిద్రపోయింది. ఆ గంట ఆయన గాల్లో తేలాడు. మూడో రోజు సాయంత్రానికి బుగ్గలు వాచి, మోచేతుల మడతల్లోంచి పసుప్పచ్చగా రసి కారడం మొదలైంది. ఒళ్లు కాలిపోతోంది. ఆ రసి ఎండి పెచ్చులు కట్టిన మొహంతో పిట్ట వాళ్లిద్దరినీ చూసింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు దానికి.

ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉంచారు. చర్మాల వార్డులో ఒక పెద్ద నర్సమ్మ ఉంది, కళ్లజోడు దారానికి కట్టి మెళ్లో వేసుకునే మనిషి. వచ్చీ రాగానే పిల్ల తల దగ్గర వంగి వాసన చూసింది.

"ఏం రాశారు దీనికి?"

"మీరిచ్చిన మందులేనమ్మా" అంది భార్య.

నర్సమ్మ మీసాలాయన వైపు చూసింది. ఆయన తల వంచుకున్నాడు. "నేనే... ఒక నూనె రాశాను. మూడు రోజులు" అన్నాడు.

భార్య ఆయన వైపు ఉన్న భుజం మీద నుంచి పిల్లని తీసి అవతలి భుజానికి మార్చుకుంది. తిట్టినా బావుండేదని ఆయన తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో.

"పొడిబారి పగిలిన చర్మం అది. దాని మీద అంత వాసన నూనె పోస్తే మండకేం చేస్తుంది? పైగా ఆ పగుళ్లలో చీము పట్టింది" అంది నర్సమ్మ. గొంతులో కోపం లేదు, అలవాటైన అలసట ఉంది. "మీరేం పని చేస్తారు బాబూ?"

"సెలూనండీ."

"అదీ సంగతి. మీ ఒంటి మీద మీకు తెలియని వాసనలు నాలుగున్నాయి. పౌడరూ, లోషనూ, సబ్బూ, ఆ మీసానికి రాసిందేదో అదీ. చొక్కా నిండా వెంట్రుక ముక్కలు. మీకవి లెక్కలోకి రావు, దాని చర్మానికి ముళ్లు. పుండ్లు ఆరేదాకా ఎత్తుకోకండి. ఆ తర్వాత స్నానం చేసి, ఉతికిన నూలు చొక్కా వేసుకుని ఎత్తుకోండి. సరేనా?"

సరేనన్నాడు. పుండ్లు పది రోజుల్లో ఆరాయి. కానీ భార్య పిల్లని ఇవ్వలేదు. ఆయన స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి నిలబడితే, "ఇంకా ఆరలేదండీ" అనేది మొహం చూడకుండా. ఆరిందని ఇద్దరికీ కనబడుతూనే ఉంది. నిలదీసి అడిగే ధైర్యం ఆయనకి లేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

అలా ఇంకో నెల. మధ్యాహ్నాలు ఇంటికి వెళ్లి గుమ్మంలో కూర్చునేవాడు. గదిలో మంచం మీద పిట్ట. చేతులకి నూలు సంచుల్లాంటివి తొడిగి ఉండేవి, గోక్కోకుండా. ఆయన్ని చూడగానే ఆ రెండు సంచుల్నీ ముందుకు చాచేది. ఆయన తన చేతుల్ని వీపు వెనక దాచుకుని, ఒక చేత్తో రెండో మణికట్టు గట్టిగా పట్టుకునేవాడు. మీసం ఎడమ కొస పైకి లేపేవాడు, కుడి కొస లేపేవాడు. పిల్ల నవ్వేది. నవ్వి మళ్లీ చేతులు చాచేది. అప్పుడు లేచి వచ్చేసేవాడు.

ఆ రోజుల్లోనే ఒకావిడ ఏడెనిమిది నెలల పిల్లాణ్ణి కటింగుకి తెచ్చింది. చెక్క మీద కూర్చోబెట్టే వయసు కాదు, తల్లి ఒళ్లో పెట్టుకుంటే కత్తిరించాడు. అంతా అయ్యాక ఆవిడ, "ఒక్క నిమిషం పట్టుకోండన్నయ్యా, బ్యాగు బల్ల మీద మర్చిపోయా" అని పిల్లాణ్ణి ఆయన చేతుల్లో పెట్టేసింది. బరువు సరిగ్గా పిట్ట అంతే ఉంది. బుగ్గ వెన్నలా ఉంది. ఆ పిల్లాడు నిద్రమత్తులో ఆయన భుజం మీద తల వాల్చేశాడు. మీసాలాయన కదలకుండా నిలబడ్డాడు. అద్దంలో తన మొహం తనకే కనబడుతోంది, చూడలేకపోయాడు. తల్లి వచ్చి చేతులు చాపితే, ఎప్పుడూ చేసే ఆ ఒక్క క్షణం ఆలస్యం ఈసారి కాస్త ఎక్కువే అయింది. "ఏంటన్నయ్యా?" అందావిడ నవ్వుతూ. "ఏం లేదమ్మా" అని ఇచ్చేసి, వెనక గదిలోకి వెళ్లి కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాడు. తన పిల్లని ఎత్తుకోలేనివాడు పరాయి పిల్లాణ్ణి ఎత్తుకుని మురిసిపోయాడు. అది ఆయనకి దొంగతనంలా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే కొట్లోని పౌడరు డబ్బాలూ, రంగురంగుల లోషన్ సీసాలూ, వాసన సబ్బులూ అట్టపెట్టెలో వేసి అటకెక్కించాడు. "ఇదేం సెలూనోయ్, గడ్డం గీయించుకుంటే గుమగుమలాడాలి గానీ" అని విసుక్కున్నారు కొందరు. ఇద్దరు ముగ్గురు వేరే కొట్టుకి పోయారు కూడా. పోనీలే అనుకున్నాడు. హెడ్డుగుమాస్తా పేపరు మడిచి, "అవునోయ్, మా నూనె ఏమైంది? గుణం కనిపించిందా?" అని అడిగాడు. నెల్లాళ్లుగా ఆ ప్రశ్న తప్పించుకుంటున్నాడు మీసాలాయన. ఇవాళ తప్పించుకోలేదు.

"మా పిల్లకి పడలేదండీ. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఇంకెవరికీ ఇవ్వకండి."

పెద్దాయన మొహం పాలిపోయింది. పేపరు మళ్లీ విప్పి, దాని వెనక చాలాసేపు ఉండిపోయాడు. అక్షరం చదవలేదని తెలుస్తూనే ఉంది. కాసేపటికి పేపరు పక్కనపెట్టి చూస్తే, మీసాలాయన రెండో కుర్చీలో తనే కూర్చుని, మూతికి నురగ పట్టించుకుంటున్నాడు.

"ఒరేయ్ ఒరేయ్, ఆగు! ఏం చేస్తున్నావ్?"

ఆగలేదు. ఇరవై ఏళ్ల మీసం నాలుగు గీతల్లో పోయింది. పై పెదవి చలికి వణికినట్టు కొత్తగా, తెల్లగా బయటపడింది.

మధ్యాహ్నం ఇంటికెళ్లి, ముందు వెనకవైపు స్నానాల గదికి పోయి తలంటుకుని, నూలు చొక్కా వేసుకుని గదిలోకి వచ్చాడు. భార్య ఆయన్ని చూసి చేతిలో పని వదిలేసింది. చాలాసేపు ఆ మొహంలోకి చూసింది. తర్వాత పిట్టని ఎత్తి, రెండు చేతులతో ఆయనకి అందించింది.

నెలన్నర తర్వాత పిల్ల ఆయన చేతుల్లోకి వచ్చింది. పిట్ట ఆయన మొహం చూసింది. ముక్కు కింద చూసింది. కింది పెదవి మెల్లగా ముందుకొచ్చింది. ఎవరీ మనిషి? గావుకేక పెట్టి, ఒళ్లు విల్లులా వంచి, తల్లి కోసం చేతులు చాపింది. ఆయన ఎంత పిలిచినా ఊరుకోలేదు. వాసన లేదు, మీసం లేదు, తండ్రి అని గుర్తుపట్టడానికి దానికి మిగిలిందేముంది?

తిరిగి తల్లికి ఇచ్చేసి పెరటి మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాడు. కాసేపటికి పిల్ల నిద్రపోయాక ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. ముందు ఆయన పెదవి చూసి నవ్వొచ్చింది ఆవిడకి. నవ్వు సగంలో ఉండగానే కళ్లు తుడుచుకుంది. కొంగులోంచి ఒక ట్యూబు తీసి ఇద్దరి మధ్యా పెట్టింది. డాక్టరు మొదటిసారి ఇచ్చిన క్రీము. ఇంకా నిండుగానే ఉంది.

"ఇది రాస్తే చర్మం పలచబడిపోతుందని పక్కింటి అత్తయ్య చెప్పింది. భయమేసింది. ఆవగింజంత రాసి, కాస్త ఎరుపు తగ్గగానే మానేసేదాన్ని. మళ్లీ వచ్చేది, మళ్లీ మానేసేదాన్ని. నర్సమ్మ అడిగినప్పుడు చెప్పలేదు. మీ తప్పు బయటపడింది కదాని నాది దాచుకున్నా."

ఆయన ట్యూబు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇద్దరం కలిసి పిల్లని సాధించుకుతిన్నాం" అన్నాడు.

"ఈ ఆదివారంతో నా సెలవు అయిపోతుంది" అంది ఆవిడ. "పొద్దున నేను చూసుకుంటా. సగం పూట డ్యూటీ అడిగి వేయించుకున్నా, రెండింటికి వచ్చేస్తా. పదకొండు నుంచి రెండింటి దాకా మీరే. స్నానం కూడా మీరే చేయించాలి."

గురువారం ఆయన ఒక్కడే ఆస్పత్రికి వెళ్లి, వార్డు ఖాళీ అయ్యేదాకా బల్ల మీద కూర్చున్నాడు. నర్సమ్మ ఆయన్ని గుర్తుపట్టలేదు. చెప్పాక ముక్కు కిందికి చూసి, "అయ్యో, అది తీయమని నేను చెప్పలేదే" అంది.

"అన్నీ మొదట్నుంచి చెప్పండమ్మా. నేను చదువుకున్నవాణ్ణి కాదు, చూపిస్తే చేస్తా."

ఆవిడ చూపించింది. గోరువెచ్చటి నీళ్లు, వేడి కాదు. ఐదు నిమిషాలు, మహా అయితే పది. వాసన లేని సబ్బు, అది కూడా అవసరమున్న చోటే. రుద్దకుండా, మెత్తటి తువ్వాలుతో అద్దాలి. ఒంటి మీద చెమ్మ ఇంకా ఉండగానే ఆయింట్‌మెంటు, పిసినారితనం లేకుండా. ఎర్రగా ఉన్న చోట క్రీము పలచగా, డాక్టరు చెప్పినన్ని రోజులూ, భయపడి మధ్యలో మానకుండా, ఎక్కువైతే మంచిదని పొడిగించకుండా. గోళ్లు కత్తిరించాలి. చెమట పట్టనివ్వకూడదు. "రాసేటప్పుడు ఒక సంగతి. వెంట్రుకలు ఏ వైపు పడుకుని ఉంటాయో..."

"ఆ వైపే లాగాలి. ఎదురు రుద్దితే కుదుళ్ల దగ్గర పొక్కులొస్తాయి" అన్నాడు మీసాలాయన.

నర్సమ్మ కళ్లజోడు తీసింది. "ఇది మీకెవరు చెప్పారు?"

"ఇరవై ఏళ్లుగా గడ్డాలు గీస్తున్నానమ్మా."

ఆవిడ తన చెయ్యి చాపి, రాసి చూపించమంది. ఆయన రెండు వేళ్లతో తీసుకుని మోచేతి నుంచి మణికట్టు దాకా సాఫీగా లాగాడు. ఆవిడ కాసేపు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "పిల్లలకి ఇలాంటి చేతులుండాలి" అంది. ఆయన అడగాలనుకున్నది అప్పుడు అడిగాడు, "ఎప్పటికి పోతుందమ్మా?"

"చాలామందికి పెద్దవుతున్న కొద్దీ తగ్గుతుంది. ఎప్పుడని నేను చెప్పలేను. పోయిందనుకుంటే మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడు కంగారు పడకపోవడమే."

సోమవారం పదకొండింటికి సెలూను తలుపు మూసి, గొళ్లేనికి 'రెండున్నరకి' అని రాసిన అట్ట తగిలించి ఇంటికి వెళ్లాడు. మొదటి రోజు ఒక యుద్ధం. నీళ్లలో ఏడుపు, తువ్వాల్లో ఏడుపు, రాస్తుంటే ఏడుపు. జిడ్డు ఒంటితో చేపలా జారిపోయేది. ఆయన చేతులు ఊరందరి పిల్లల్నీ ఊరుకోబెట్టిన చేతులు, ఇంట్లో మాత్రం ఎందుకూ పనికిరాలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు పన్నెండున్నరకి, మోకాళ్ల వెనక రాస్తుండగా బస్టాండు లౌడుస్పీకరు పలికింది. ప్రయాణికులకు విజ్ఞప్తి. పిట్ట ఏడుపు ఠక్కున ఆపి కిటికీ వైపు తల తిప్పింది. తల్లి గొంతు! కిటికీలో తల్లి లేదు. మళ్లీ పెదవి విరిచేలోపు మీసాలాయన ముక్కుతో ఆ మైకు గొంతే అందుకున్నాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఎడమ మోచేయి నుండి మెడ మీదుగా చెవి దాకా వెళ్లు బస్సు మరి కొద్ది సేపట్లో బయల్దేరును!"

పిట్ట ఆయన్ని చూసింది. అనుమానంగానే చూసింది. బస్సు బయల్దేరింది. రెండు వేళ్ల మీద ఆయింట్‌మెంటు మోచేతి నుంచి మెడ దాకా మెల్లగా నడిచి, చెవి దగ్గర హారన్ కొట్టి ఆగింది. పిల్ల ఏడవలేదు. నవ్వనూ లేదు. నవ్వడానికి ఇంకో పదకొండు రోజులు పట్టింది. మోకాలి బస్సు టైరు పంక్చరై బొడ్డు దగ్గర ఆగిపోయిన రోజున అది పగలబడి నవ్వింది. అప్పుడు దాన్ని ఎత్తి, జిడ్డంతా చొక్కాకి అంటుకుంటున్నా, గుండెల మీద బోర్లా పడుకోబెట్టుకున్నాడు. అది పడుకుంది. కిటికీలోంచి ఆవిడ గొంతు ఏదో దూరపు ఊరి బస్సు ఆలస్యమని చెబుతోంది. ఆలస్యమైతే అయిందిలే అనుకున్నాడాయన.

తర్వాతంతా సుఖాంతమని చెప్పను. ఎగ్జిమా పోలేదు, వస్తూ పోతూ ఉంది. చలికాలం మొదట్లో ఒకసారి, కొత్త ఉన్ని స్వెట్టరు వేసినప్పుడు ఒకసారి, పళ్లొచ్చేటప్పుడు చొంగ కారి గడ్డం కింద ఒకసారి. వచ్చినప్పుడల్లా ఆయన చేతులు తమ పని చేసుకుపోయేవి. ఆవిడ మళ్లీ ట్యూబు దాచలేదు, ఆయన మళ్లీ సీసా తేలేదు. కొట్లో వాసనలు తిరిగి రాలేదు. మీసం కూడా ఆయన మళ్లీ పెంచలేదు. అయినా ఊరు ఆయన పేరు మార్చలేదు. కొత్తగా వచ్చిన పిల్లలు మీసం లేని మీసాలాయన్ని చూసి తెల్లబోయేవారు. మూడేళ్లొచ్చేసరికి పిట్ట బుగ్గలు మామూలు పిల్లల బుగ్గలయ్యాయి. మోచేతుల మడతల్లో కాస్త గరుకు మిగిలింది.

ఆ మూడేళ్లలో మధ్యాహ్నాలు ఆయనవి. ఊరంతా ఎండలో పనులకి పరుగెత్తుతుంటే, బకెట్టు నీళ్లలో మోచెయ్యి ముంచి వేడి చూసుకుంటూ కూర్చోవడంలో ఆయనకి దొరికిందేమిటో ఎవరికీ చెప్పలేదు.

పిట్ట బళ్లో చేరింది. ఇప్పుడు స్నానం పొద్దున్నే, హడావిడిగా, తల్లి చేతుల మీద. పదకొండింటికి కొట్టు మూయాల్సిన పని లేదు. అయినా మొదటి కొన్ని వారాలు ఆ వేళకి ఆయన చెయ్యి దానంతటదే గొళ్లెం మీదికి పోయేది. తలుపు సగం మూసి, గుర్తొచ్చి, మళ్లీ తీసేవాడు. కుర్చీలో ఉన్నవాళ్లు వింతగా చూసేవారు. ఆదివారాలు మాత్రం ఆయనకి మిగిలాయి. ఆదివారం మధ్యాహ్నం ఆయింట్‌మెంటు డబ్బా తీసుకుని పిలిస్తే వచ్చేది.

ఆరో ఏట ఒక ఆదివారం పిలిస్తే వచ్చి, డబ్బా ఆయన చేతిలోంచి లాక్కుంది.

"నేనే రాసుకుంటా నాన్నా. నేను పెద్దదాన్నయ్యా కదా."

"వీపు అందదే..."

"అందుతుంది. నువ్వు బయటికెళ్లు."

తలుపు వేసుకుంది. భార్య వంటింట్లోంచి తొంగి చూసి నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపల డబ్బా మూత దొర్లిన చప్పుడు. అందుకోలేక ఆయాసపడుతున్న చప్పుడు. ఏ క్షణానైనా పిలుస్తుందనుకున్నాడు. పిలవలేదు. పావుగంటకి తలుపు తెరుచుకుంది. ఒళ్లంతా నిగనిగలాడుతూ, గడ్డం మీద కూడా రాసుకుని, గొప్పగా నిలబడింది.

ఆయన దాన్ని చుట్టూ తిప్పి, పెద్ద పనివాడిలా పరీక్షగా చూశాడు. "బావుంది. కుడి మోకాలి వెనక ఒక్కటి వదిలేశావు" అన్నాడు. రెండు వేళ్లు అప్పటికే ముందుకు చాచి ఉంచాడు.

"అవునా?" అంది పిట్ట. డబ్బా చంకన పెట్టుకుని మళ్లీ లోపలికి పోయి తలుపు వేసుకుంది.